పుర్రెకో బుద్ధి: 'పోల్' అనే మాట పూర్వోత్తరాలు

ఎలక్షన్ డ్యూటీ ఒక్కసారైనా చెయ్యని ఉద్యోగి మన సభ్యులలో ఉంటే ఆయనను పిలిచి శాలువా కప్పవలసిందే. రెవెన్యూ వారు, ఉపాధ్యాయులు, పంచాయతీరాజ్ వారు, ఇరిగేషన్ వారు, ఎవరైతేనేం, అయిదేళ్లకొకసారి, మధ్యంతరం పుణ్యమా అని ఒక్కోసారి అంతకు ముందే, ఆర్డరు చేతిలో పడేది. పోలింగ్ స్టేషను, పోలింగ్ ఆఫీసరు, పోలింగ్ ఏజెంటు, పోలైన ఓట్లు అనే మాటలు మన నోట అన్నంలో ఉప్పులాగా కలిసిపోయాయి. అసలు 'పోల్' అంటే ఏమిటండీ అని ఏ మనవడో మనవరాలో అడిగితే మాత్రం 'ఓటు వేయడం' అని ఊరుకుంటాం. అది అర్థమే గాని మొదటి అర్థం కాదు. పోల్ అంటే తలకాయ. ఖచ్చితంగా చెప్పాలంటే నడినెత్తి, జుట్టు మొలిచే భాగం.

ఆరేడు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషులో ఈ మాటకు ఇదే అర్థం. పాత డచ్చి భాషలోనూ దీనికి బంధువు ఉంది. ఇంగ్లీషు వారు తలకు 'హెడ్' అనే మాటనే స్థిరపరచుకున్నాక 'పోల్' పక్కకు తప్పుకుంది కాని, కొన్ని మూలల్లో ఇప్పటికీ దాక్కుని ఉంది. కప్పపిల్లను 'టాడ్‌పోల్' అంటారని హైస్కూలు సైన్సులో చదువుకున్నాం. 'టాడ్' అంటే గోదురు కప్ప, 'పోల్' అంటే తల. తలే తప్ప ఒళ్లు లేని ఆ జీవికి అంతకన్న తగిన పేరు లేదు. కొమ్ములు లేని పశువును 'పోల్డ్' పశువంటారు. తలనరికిన చెట్టు 'పొల్లార్డ్'. అంటే ఈ మాటకు తల అనే కాక తల గొరగడం, పైభాగం సమంగా కత్తిరించడం అనే అర్థాలు కూడా పట్టాయన్నమాట.

దస్తావేజులతో పనిచేసిన మిత్రులకు ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఇంగ్లండులో పేరు మార్చుకునేవారు రాసుకునే పత్రాన్ని 'డీడ్ పోల్' అంటారు. దానికీ ఓట్లకూ సంబంధం లేదు. పూర్వం ఇద్దరి మధ్య ఒప్పందమైతే ఒకే తోలుకాగితం మీద రెండు ప్రతులు రాసి, నడుమ పళ్లపళ్లుగా కోసి చెరొక ముక్కా ఇచ్చేవారు. తగాదా వస్తే రెండు ముక్కల పళ్లూ కలుస్తాయో లేదో చూసేవారు. ఆ పళ్ల కోత వల్ల దానికి 'ఇండెంచర్' అని పేరు వచ్చింది. మన జిల్లాల నుంచి మారిషస్‌కూ నాటాల్‌కూ ఫిజీకీ వెళ్లిన కూలీలు వేలిముద్ర వేసినది ఆ పేరు గల ఒప్పందం మీదే. స్టోర్సు నుంచి కాగితాలూ కలాలూ కావాలని మనం సర్వీసంతా పెట్టిన 'ఇండెంటు' కూడా ఆ వంశంలోనిదే. ఒక్కరే రాసి ఇచ్చే పత్రానికి రెండో ముక్క అక్కరలేదు గనుక అంచు సమంగా గొరిగేవారు. గొరిగిన పత్రం కాబట్టి డీడ్ పోల్.

తలకూ అభిప్రాయానికీ సంబంధం ఇంగ్లీషు వాడు చెబితేనే మనకు తెలిసిందనుకోనక్కరలేదు. 'పుర్రెకో బుద్ధి' అన్నది మన సామెతే. 'తలో మాటా అన్నారు' అంటాం. తలా ఒక రూపాయి వేసుకుంటాం. తలసరి ఆదాయం అంటాం, దాని ఇంగ్లీషు మాట 'పర్ కాపిటా'లోని లాటిన్ 'కాపుట్' కూడా తలే. అంతకంటే చక్కనిది 'ఎన్నిక' అనే మన మాట. 'ఎన్ను' అన్నా 'ఎంచు' అన్నా లెక్కపెట్టడం, విలువ కట్టడం. అందులోంచే ఎంచుకోవడం, అంటే కోరి తీసుకోవడం వచ్చింది. లెక్కపెట్టడమూ ఎంపిక చేసుకోవడమూ ఒకే మాటలో ఇమిడి ఉన్నాయి. ఇంగ్లీషు వారు తలలు లెక్కపెట్టడంలోంచి ఓటింగును తీసుకున్నారు, మనం లెక్కలోంచే ఎన్నికను తీసుకున్నాం. ఎవరికి వారుగా చేరినా చోటు ఒక్కటే.

అయితే తలలు మొదట లెక్కపెట్టింది అభిప్రాయం అడగడానికి కాదు, పన్ను వేయడానికి. 1377లో ఇంగ్లండులో పద్నాలుగేళ్లు దాటిన ప్రతి తలకూ నాలుగు పెన్నీల పన్ను వేశారు. అదే 'పోల్ టాక్సు'. ప్రభువుకైనా పాలేరుకైనా తల ఒకటే గనుక పన్నూ ఒకటే అన్న న్యాయం. 1380లో దానిని పన్నెండు పెన్నీలు చేసేసరికి మరుసటి ఏడాది రైతులు తిరగబడి, వాట్ టైలర్ అనే వాని వెంట లండను మీదికి నడిచారు. తిరుగుబాటు అణిగింది, టైలర్ ప్రాణం పోయింది. ఆరు వందల ఏళ్ల తరువాత మార్గరెట్ థాచర్ గారు 1989లో స్కాట్లండులోనూ 1990లో ఇంగ్లండులోనూ స్థానిక పన్నును మనిషికింత అని మార్చారు. ప్రభుత్వం పెట్టిన పేరు వేరు. జనం నోట అది వెంటనే 'పోల్ టాక్సు' అయిపోయింది. ఆ పాతమాట పలకగానే పాతకోపం లేచింది. 1990 నవంబరులో ఆమె పదవి దిగడానికి ఉన్న కారణాల్లో అదొకటి. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇంకో తమాషా జరిగింది. అక్కడ ఈ తలపన్ను కట్టినవారికే ఓటు. బీద నల్లవారిని, బీద తెల్లవారిని కూడా, ఓటుకు దూరంగా ఉంచే ఉపాయం. జాతీయ ఎన్నికల్లో దానిని తీసివేయడానికి 1964 నాటికి రాజ్యాంగ సవరణ చేయవలసి వచ్చింది.

ఓట్ల లెక్కకు ఈ మాట పదిహేడవ శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది. అప్పటి పద్ధతి చూస్తే మన ప్రిసైడింగ్ ఆఫీసర్లకు కళ్లు తిరుగుతాయి. రహస్యం అన్న ప్రసక్తే లేదు. ఓటరు బహిరంగంగా బల్ల దగ్గరకు వచ్చి తాను ఎవరికి ఓటు వేస్తున్నాడో పైకి చెప్పాలి. గుమాస్తా దానిని పోల్ బుక్కులో రాసుకుంటాడు. 1696 చట్టంతో ఇలా రాయడం విధి అయింది. చాలాచోట్ల ఈ పుస్తకాలను అచ్చువేసి అమ్మేవారు. ఏ కమతగాడు ఏ జమీందారు మనిషికి ఓటు వేశాడో, ఏ దుకాణదారు ఎవరిని కాదన్నాడో ఊరంతా చదువుకోవచ్చు. మరునాడు కౌలు రద్దయితే ఆశ్చర్యమేముంది? పోలింగు కూడా ఒక పూటతో తేలేది కాదు. 1784లో వెస్ట్‌మినిస్టరులో 40 రోజులు సాగింది. 40 రోజుల ఎలక్షన్ డ్యూటీ ఊహించుకోండి, టి.ఏ. బిల్లు సంగతి తరువాత!

ఆ ఎన్నికలోనే డెవన్‌షైర్ డచెస్ జార్జియానా తన మిత్రుడు చార్లెస్ ఫాక్స్ కోసం వీధి వీధీ తిరిగింది. ఓటుకు ఒక ముద్దు ఇచ్చి కసాయివారిని తిప్పుకున్నదని ప్రత్యర్థులు బొమ్మలు వేసి పంచారు. నిజమెంతో గాని, ఆడమనిషి ప్రచారానికి దిగితే ఎలాటి నిందలు మోపవచ్చునో ఆ బొమ్మలు మాత్రం చెబుతాయి. అంతకు ముప్పయ్యేళ్ల కిందట విలియం హోగార్త్ అనే చిత్రకారుడు ఎన్నికల మీద నాలుగు చిత్రాలు వేశాడు. రెండవది 'ఓట్ల కోసం కాన్వాసింగు', మూడవది 'పోలింగు'. కాన్వాసింగు బొమ్మలో ఒక రైతు నడుమ నిలబడి ఉంటే ఇరుపక్షాల వారూ ఇటూ అటూ చేరి లంచం అతని చేతిలో పెడుతుంటారు. పోలింగు బొమ్మలో చావుబతుకుల్లో ఉన్నవాణ్ని మోసుకొస్తుంటారు. యుద్ధంలో చెయ్యి పోయిన సిపాయి ఒకడు చేతికి బదులు ఉన్న ఇనుప కొక్కెం బైబిలు మీద పెట్టి ప్రమాణం చేస్తుంటే, ఆ ప్రమాణం చెల్లుతుందా లేదా అని ప్లీడర్లు వాదులాడుకుంటారు. పోలింగ్ ఏజెంట్ల అభ్యంతరాలు విన్న చెవులకు ఆ బొమ్మ పాతది అనిపించదు. మన రోజుల్లో ఓటరును చాలెంజి చేయాలంటే ఏజెంటు రెండు రూపాయలు కట్టాలి, అంతే తేడా.

'కాన్వాసింగు' కూడా మనం రోజూ వాడిన మాటే. ఎన్నికల్లో అభ్యర్థులూ, ఎల్.ఐ.సి. ఏజెంట్లూ, నెలాఖరున చిన్నమొత్తాల పొదుపు టార్గెట్లు మెడకు చుట్టుకున్న మన సిబ్బందీ అందరూ చేసినది అదే. దీని మూలం బొమ్మలు వేసే, గుడారాలు కుట్టే ముతకగుడ్డ. జనపనార లాటి నార నుంచి వచ్చింది గనుక లాటిన్ 'కానబిస్'తో చుట్టరికం ఉంది. పదహారవ శతాబ్దంలో మనిషిని ఆ గుడ్డలో వేసి నలుగురూ నాలుగు చెంగులూ పట్టుకుని పైకి ఎగరేయడాన్ని 'కాన్వాస్' చేయడం అనేవారు, సరదాకో శిక్షకో. దానినుంచి చితకబాదడం, దానినుంచి ఒక విషయాన్ని అన్నివైపులా కుదిపి చర్చించడం అనే అర్థాలు వచ్చాయి. ఓట్లు అడగడం ఆ తరువాతి మజిలీ. 'ఉతికి ఆరేశారు' అనే మన వాడుకలో కూడా గుడ్డ ఉన్నదని గమనించండి. అమెరికాలో ఇదే మాటకు పూర్తిగా వేరే అర్థం కూడా ఉంది. పోలింగు ముగిశాక లెక్కను అధికారికంగా సరిచూడడాన్ని కాన్వాస్ అంటారు. 2000 సంవత్సరంలో ఫ్లోరిడా ఓట్ల గొడవలో పత్రికలన్నీ రాసిన 'కాన్వాసింగ్ బోర్డులు' ఓట్లు అడిగేవి కావు, ఓట్లు సరిచూసేవి. ఒకే మాట ఎన్నికకు ముందొక పని, వెనకొక పని చేస్తుంది.

తలకాయ పైకి చెప్పే ఓటు, తలకాయ కనపడని చీటీగా మారడానికి చాలాకాలం పట్టింది. ప్రభుత్వమే అచ్చువేసిన బ్యాలట్ మీద చాటున గుర్తు పెట్టే పద్ధతి 1856లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాలలో మొదలయింది. బ్రిటను 1872లో చట్టం చేసింది. ఆ ఏడాది ఆగస్టు 15న పోంటిఫ్రాక్ట్ అనే ఊరి ఉపఎన్నికలో మొదటిసారి రహస్య ఓటింగు జరిగింది. పెట్టె మీద లక్క వేసి ముద్ర కొట్టాలి గదా, ఆ ఊరు అతిమధురం బిళ్లలకు పేరుపడ్డది, ఆ మిఠాయి ఫ్యాక్టరీ ముద్రనే తెచ్చి కొట్టారు. లక్క కరిగించి వేళ్లు కాల్చుకున్న మనకు ఆ ఊరి గుమాస్తాల మీద కొంచెం ఆత్మీయత కలగడంలో తప్పులేదు. మన సభలలో చేతులెత్తకుండా, చీటీలు వేయకుండా నోటితో 'అవును' అనిపించే 'మూజువాణి ఓటు' ఆ పాత పద్ధతికి మిగిలిన ఆనవాలు. నోటిమాట అనే అర్థమిచ్చే ఉర్దూ మాట నుంచి అది తెలుగులోకి వచ్చినట్టు తోస్తుంది.

మన దేశం 1951 అక్టోబరు 25 నుంచి 1952 ఫిబ్రవరి 21 వరకు మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిపినప్పుడు జాబితాలో ఉన్నవారు 17 కోట్ల 32 లక్షలు. 1951 జనాభా లెక్కల ప్రకారం నూటికి పద్దెనిమిది మందికే చదువు వచ్చు. చదవలేని చేతికి చీటీ ఇచ్చి ఎవరికి వేస్తావో రాయమంటే లాభం లేదు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. ఓటరు చాటుకు వెళ్లి తనకు నచ్చిన పెట్టెలో చీటీ వేస్తే సరి. చీటీ మీద ముద్ర వేసి అందరిదీ ఒకే పెట్టెలో వేసే పద్ధతి తరువాత వచ్చి, 1962 సార్వత్రిక ఎన్నికల నాటికి స్థిరపడింది. మన పెద్దలు చెప్పుకునే 'ఎడ్ల జత పెట్టె' ఆ తొలినాళ్ల మాట.

ఒక్కొక్క తలకు ఒక్కొక్క ఓటు అన్న లెక్క కూడా అప్పట్లో అన్నిచోట్లా లేదు. ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు ఉండేవి, అక్కడ ఓటరుకు రెండు ఓట్లు. నల్లగొండ అలాటిదే. అక్కడినుంచి రావి నారాయణరెడ్డి గారు నెహ్రూ గారికంటె ఎక్కువ ఓట్లతో గెలిచారని ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవారు ఈ రెండు ఓట్ల సంగతి కూడా కలిపి చెప్పడం న్యాయం, దానివల్ల ఆయన విజయానికి వచ్చే లోటేమీ లేదు.

కాని ఆ ఎన్నిక గురించి నా మనసులో ముద్రపడినది వేరొకటి. ఓటర్ల జాబితా రాసేటప్పుడు బీహారు, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి ఉత్తరాది ప్రాంతాల్లో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. పరాయి మగవాడికి పేరు చెప్పడం మర్యాద కాదు. ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించుకున్నారు. చీఫ్ ఎలక్షన్ కమిషనర్ సుకుమార్ సేన్ గారు అది కుదరదన్నారు. సొంత పేరు ఇవ్వమని గడువు పెంచారు. అప్పటికీ ఇవ్వనివారిని జాబితా నుంచి తీసివేశారు. అలా దాదాపు 28 లక్షల స్త్రీలు ఓటు లేకుండా పోయారు. అప్పుడే విమర్శలు వచ్చాయి. నా మట్టుకు నాకు ఆయన చేసినది సబబే అనిపిస్తుంది. భార్యగానో తల్లిగానో లెక్కకెక్కిన మనిషి ఆ ఇంటి యజమాని తలకు అనుబంధమే అవుతుంది గాని తానొక తల కాదు. 28 లక్షలు పోవడం బాధాకరమే. అయినా తరువాతి ఎన్నికకు ఆ ఇళ్లలో ఆడవాళ్ల పేర్లు కాగితం మీదికి రావడానికి ఆ కఠినమే దారితీసింది. జాబితాతో ఇల్లిల్లూ తిరిగిన ఎన్యూమరేటరు ఎవరైనా మనలో ఉంటే, 'మా ఆవిడ పేరు మీకెందుకండీ' అన్న మాట మన జిల్లాల్లో కూడా విన్నామని సాక్ష్యం చెబుతారు.

తల లెక్కకు ఇంకో రకం బలం ఉందని నల్లగొండ వారే 1996లో చూపించారు. ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిన ప్రాంతం సమస్య ఎవరికీ పట్టకపోతే, లోక్‌సభ స్థానానికి నామినేషన్లు గుప్పించారు. చివరకు బరిలో 480 మంది నిలిచారు. బ్యాలట్ పేపరు కాస్తా బ్యాలట్ పుస్తకం అయింది. 2019లో నిజామాబాదు పసుపు రైతులు అదే దారి పట్టారు. 185 మంది అభ్యర్థుల కోసం ఎక్కడికక్కడ పన్నెండేసి ఓటింగు యూనిట్లు వరుసగా పేర్చవలసి వచ్చింది. డ్యూటీలో ఉన్నవారి అవస్థ మనకు తెలియనిది కాదు. అయినా మొరపెట్టుకోవడానికి అంత చట్టబద్ధమైన దారి మరొకటి దొరకదు.

ఇక అభిప్రాయాలు అడిగి చెప్పే 'పోల్'. ఇది వేరే పని. అందరి తలలూ లెక్కపెట్టడం కాదు, కొన్ని తలలను అడిగి మిగతావారి సంగతి ఊహించడం. 1824లో అమెరికాలో డెలావేర్ రాష్ట్రపు విల్మింగ్టన్ ఊళ్లో కొందరిని అడిగి ఒక పత్రిక వేసిన లెక్క తొలి ఉదాహరణలలో ఒకటి. జాక్సన్‌కు 335, ఆడమ్స్‌కు 169. అసలు ఎన్నికలోనూ జాక్సన్‌కే ఎక్కువ ఓట్లు వచ్చాయి కాని ఎవరికీ పూర్తి మెజారిటీ లేక ప్రతినిధుల సభ ఆడమ్స్‌ను అధ్యక్షుణ్ని చేసింది. ఇలాటి ఉజ్జాయింపును 'స్ట్రా పోల్' అంటారు. గడ్డిపోచ పైకి ఎగరేస్తే గాలి ఎటు వీస్తున్నదో తెలుస్తుందన్న భావం.

గడ్డిపోచ ఎంత మోసం చేయగలదో 1936లో తెలిసింది. 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక అంతకుముందు వరుసగా కొన్ని అధ్యక్ష ఎన్నికల ఫలితాలు సరిగ్గా చెప్పి పేరు తెచ్చుకుంది. ఆ ఏడు కోటి మందికి కార్డులు పంపింది, 23 లక్షలకు పైగా తిరిగి వచ్చాయి. లాండన్ గెలుస్తాడు, రూజ్‌వెల్ట్‌కు నూటికి 43 ఓట్లే అని ప్రకటించింది. రూజ్‌వెల్ట్‌కు నూటికి 60 పైన వచ్చాయి, లాండన్‌కు రెండే రెండు రాష్ట్రాలు దక్కాయి. కారణం చూడండి. చిరునామాలు తీసుకున్నది టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి, తన చందాదారుల నుంచి. ఆర్థికమాంద్యం నడుస్తున్న రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాడొక జాతి, లేనివాడొక జాతి. లేనివాణ్ని ఎవరూ అడగలేదు. కార్డు తిరిగి పంపే ఓపిక అందరికీ ఒకేలా ఉండదన్నది రెండో కారణం. రెండేళ్లు తిరగకుండా పత్రికే మూతపడింది. అదే సమయంలో జార్జి గాలప్ అనే ఆయన యాభై వేల మందిని మాత్రమే అడిగి రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పాడు. పైగా డైజెస్ట్ ఎంత తప్పు చెప్పబోతున్నదో కూడా ముందే చెప్పాడు.

అన్నం ఉడికిందో లేదో చూడడానికి మన ఆడవాళ్లు ఒక్క మెతుకు పట్టుకు చూస్తారు, గిన్నెడంతా నమలరు. గాలప్ శాస్త్రమంతా ఆ మెతుకులో ఉంది. కాని పైన తేలిన మెతుకు పట్టుకుంటే అడుగున మాడినది తెలియదు, గరిటె పెట్టి కలిపి తీయాలి. డైజెస్ట్ వారు కోటి మెతుకులు తీశారు, అన్నీ పైవే. తెలుగులో 'పోలు' అంటే ఒకదానిలా ఇంకొకటి ఉండడం, పోలిక. ఇంగ్లీషు పోల్‌కు దానితో చుట్టరికం ఏమీ లేదు గాని, అడిగిన కొద్దిమంది మొత్తం జనాన్ని పోలి ఉంటేనే ఆ పోల్ నిలుస్తుంది. ఆ గాలప్ కూడా 1948లో బోర్లాపడ్డాడు. ఎన్నికకు కొద్దిరోజుల ముందే అడగడం ఆపివేసి డ్యూయీ గెలుస్తాడన్నాడు, గెలిచినది ట్రూమన్.

ఈ పనికి ఇంగ్లీషులో చాలా మాటలు ఉన్నాయి, ఒక్కొక్కదానిలో ఒక్కొక్క బొమ్మ. 'సర్వే' అంటే పైనుంచి పరికించడం, మన సర్వే సెటిల్మెంటు వారి గొలుసులూ రాళ్లూ గుర్తుకు తెచ్చుకోండి. 'సౌండ్ అవుట్' అంటే ఓడవాళ్లు తాటికి సీసపు గుండు కట్టి నీటి లోతు చూడడం, చప్పుడుతో దానికి పనిలేదు. పోల్ తలలు లెక్కపెడుతుంది, కాన్వాస్ కుదిపి చూస్తుంది. తెలుగులో మనం 'అభిప్రాయ సేకరణ' అని ఒక్క మాటతో సరిపెట్టాము. సివిల్ సప్లయిస్‌లో పనిచేసిన మిత్రులకు సేకరణ అంటే ధాన్యమే గుర్తుకొస్తుంది. మద్దతు ధర లేని సేకరణ ఇదొక్కటే! 'ప్రజల నాడి పట్టడం' అన్న వాడుక నాకు ఎక్కువ నచ్చుతుంది. నాడి చూసిన వైద్యుడు రోగం అంచనా వేస్తాడే గాని రోగి తరఫున బతకడు.

మన దేశంలో ఎరిక్ డకోస్టా గారి ప్రజాభిప్రాయ సంస్థ 1950లలోనే ఈ పని మొదలుపెట్టింది. 1980ల నుంచి పత్రికలు, తరువాత టీవీ చానళ్లు అందుకున్నాయి. ఓటు వేసి బయటికి వచ్చినవారిని అడిగే 'ఎగ్జిట్ పోల్' 1967లో అమెరికా టీవీ వారు ప్రారంభించిన పద్ధతి. 2004లో అధికారంలో ఉన్న కూటమే తిరిగి వస్తుందని చెప్పిన పోల్స్ తప్పాయి. 2024లో ఎగ్జిట్ పోల్స్ చాలావరకు అధికార కూటమికి 350 దాటిస్తే 293 వచ్చాయి. ఓటింగు ఆఖరి విడత ముగిసేవరకు ఎగ్జిట్ పోల్ ప్రకటించరాదని ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షను చేర్చారు, 2010 నుంచి అమలులో ఉంది. అడిగినవారి తలలు, ఇంకా లైన్లో నిలబడిన తలలను తిప్పకూడదన్నది దాని ఉద్దేశం.

మన సభ్యులకు పనికివచ్చే మాట ఒకటి ఉంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్లు నిండినవారికీ, నలభై శాతం పైబడిన వైకల్యం ఉన్నవారికీ ఇంటివద్దనే ఓటు వేసే వీలు కల్పించారు. ముందుగా ఫారం 12డి ఇచ్చుకున్నవారి ఇంటికి పోలింగు సిబ్బంది పోస్టల్ బ్యాలట్ తీసుకుని వచ్చి, వరండాలోనో వంటింటి గుమ్మం దగ్గరో అట్ట అడ్డు పెట్టి, వీడియో తీసే మనిషిని అవతలకు తిరగమని, పెద్దాయన గుర్తు పెట్టేవరకు బయట నిలబడ్డారు.